సీరియల్ నటి పాడితే ఆ పాట ఎవరిది? కైలీ మినోగ్ కెరీర్‌లో దాగిన లెక్కలు

పండగపూట టీవీ స్పెషల్ ప్రోగ్రాంలో ఏ సీరియల్ హీరోయినో మైకు పట్టుకుని నాలుగు లైన్లు పాడిందనుకోండి. ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "నిజంగా పాడుతోందా, పెదాలు ఆడిస్తోందా?" ఆ అనుమానం ఊరికే రాలేదు. మన సీరియళ్ల హీరోయిన్లలో చాలామంది కర్ణాటక వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో ఎందరికో మాట కూడా డబ్బింగ్ ఆర్టిస్టుదే. కన్నీళ్లు ఒకరివి, వెక్కిళ్లు ఇంకొకరివి. ఇక పాట సంగతి చెప్పేదేముంది!

అందుకే బయటి దేశాల్లో ఒక టీవీ నటి పాప్ సింగర్ అయిందని, ఆల్బమ్ నంబర్ వన్‌కి వెళ్లిందని వార్త వచ్చినప్పుడల్లా మనకు ప్రశ్నలన్నీ కలగాపులగంగా వస్తాయి. టీవీలో వచ్చిన పేరును అమ్ముకుంటోందా? నిజంగా గాయనేనా? ఆ పాట ఆమే రాసుకుందా? డబ్బు ఎవరికి పోతుంది? వీటికి ఒకే జవాబు దొరకదు. ఎందుకంటే ఇవి ఒకే ప్రశ్న కాదు.

ముడి విప్పి చూడటానికి ఆస్ట్రేలియా పాప్ సింగర్ కైలీ మినోగ్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. 1986లో ఆస్ట్రేలియా సీరియల్‌లో మెకానిక్ పిల్ల వేషం వేసిన మనిషి, 2024 ఫిబ్రవరిలో గ్రామీ అందుకుంది. ఈ మధ్యలోని ముప్ఫై ఎనిమిదేళ్లలో పైన అడిగిన ప్రతి ప్రశ్నకూ కనీసం రెండు మూడు వేర్వేరు జవాబులున్నాయి.

ముఖం, గొంతు, పాట, రికార్డింగ్: నాలుగూ వేరు

సినిమా పాటతో పెరిగిన మనకు ముఖం ఒకరిది, గొంతు ఒకరిది కావడం సహజం. తెర మీద సావిత్రి, తెర వెనక సుశీల. భానుమతిలాగా తన పాట తానే పాడుకుని, నటించి, సినిమాలు తీసి, డైరెక్షన్ కూడా చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాప్ సంగీతంలో అలా కుదరదు. అక్కడ ముఖమూ గొంతూ ఒకరివే కావాలి. కొనేవాళ్లు ఆ మనిషిని చూసే రికార్డు కొంటారు.

అయితే ముఖం, గొంతు ఒకరివైనంత మాత్రాన పాట కూడా వాళ్లదే అనుకుంటే పొరబాటు. చిక్కంతా ఇక్కడే ఉంది. చట్టం దృష్టిలో ఒక పాప్ పాటలో రెండు ఆస్తులుంటాయి. సాహిత్యం, బాణీ కలిపి ఒకటి. దాని హక్కుల వ్యాపారాన్ని పబ్లిషింగ్ అంటారు. ఆ పాటను ఒక గొంతుతో స్టూడియోలో రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ రెండో ఆస్తి. దాన్ని మాస్టర్ అంటారు. మొదటిది రాసినవాళ్లది. రెండోది చాలాసార్లు డబ్బు పెట్టిన రికార్డు కంపెనీది, అంటే లేబుల్‌ది. పాడిన మనిషికి రెండింటిలో ఏదీ సొంతం కాకపోవచ్చు. ఆమెకు వచ్చేది రాయల్టీ, అమ్మకంలో చిన్న వాటా.

ఇది మనకు బొత్తిగా కొత్త సంగతేం కాదు. 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడకూడదని ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వెళ్లింది. చాలామంది తెల్లబోయారు. "పాడింది బాలుగారే కదా!" అన్నారు. పాడింది ఆయనే, బాణీ మాత్రం ఆయనది కాదు. అందులో ఎవరిది న్యాయం అన్న వాదన ఇప్పుడు వద్దు. గొంతు వేరు, పాట వేరు అన్న సంగతి మాత్రం ఆ దెబ్బతో చాలా తెలుగిళ్లలోకి వచ్చింది.

కిటికీలోంచి దూరిన అమ్మాయి

కైలీ 1968 మే 28న మెల్‌బోర్న్‌లో పుట్టింది. చిన్నప్పుడే టీవీలో చిన్నా చితకా వేషాలు వేసింది. తమాషా ఏమిటంటే, ఆ ఇంట్లో పాటల పిల్లగా ముందు పేరు తెచ్చుకుంది ఈమె కాదు, చెల్లెలు డానీ. 'యంగ్ టాలెంట్ టైమ్' అనే పిల్లల షోలో డానీ అప్పటికే స్టార్.

'నైబర్స్' అంటే ఇరుగుపొరుగు. రామ్సే స్ట్రీట్ అనే ఒక సందులో కాపురాల కథ. 1985 మార్చిలో మొదలైన ఈ సీరియల్‌ని మొదటి ఛానల్ కొన్ని నెలలకే వదులుకుంది. 1986లో నెట్‌వర్క్ టెన్ తీసుకుని కుర్ర పాత్రలను దించింది. అలా ఆ ఏప్రిల్‌లో కైలీ వేసిన చార్లీన్ పాత్ర వచ్చింది. వచ్చిన తీరే వేరు. ఆమె ఇంటి కిటికీలోంచి దూరుతుంటే పక్కింటి స్కాట్ చూసి దొంగ అనుకుంటాడు. ఆమె తిరిగి అతని మొహం మీద ఒక్కటిస్తుంది. తర్వాత చదువు మానేసి గ్యారేజీలో పని నేర్చుకుంటుంది. గిరజాల జుట్టు, నూనె మరకల ఓవరాల్స్, చేతిలో పానా. మన సీరియళ్లలో ఇంటి కోడలి చీర ఎంత గుర్తో అక్కడ ఆ ఓవరాల్స్ అంత గుర్తు.

స్కాట్‌గా వేసింది జేసన్ డొనోవన్. 1987 జూలై 1న వాళ్ల పెళ్లి ఎపిసోడ్ ఆస్ట్రేలియాలో వచ్చింది. మరుసటి ఏడు ఆస్ట్రేలియా టీవీ రంగానికిచ్చే లోగీ అవార్డుల్లో కైలీకి నాలుగు దక్కాయి, వాటిలో అతి పెద్దదైన గోల్డ్ లోగీ కూడా ఉంది. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు.

పాట సంగతి అంతకుముందే మొదలైంది. 1986లో ఫిట్జ్‌రాయ్ ఫుట్‌బాల్ క్లబ్‌కి నిధులు పోగుచేయడానికి సీరియల్ వాళ్లు ఒక ప్రోగ్రాం చేశారు. అక్కడ ఆమె పాడిన పాటల్లో 'లోకోమోషన్' ఒకటి. జనం ఊగిపోయారు. ఆ ఊపు మీదే మష్రూమ్ అనే మెల్‌బోర్న్ లేబుల్ ఆమెతో ఒప్పందం చేసుకుంది. 1987 జూలైలో, అంటే తెర మీద పెళ్లి జరిగిన నెలలోనే, ఆ రికార్డు విడుదలై ఆస్ట్రేలియాలో ఏడు వారాలు నంబర్ వన్‌గా నిలిచింది.

ఇందాక చెప్పుకున్న రెండు ఆస్తుల లెక్క ఈ పాటలోనే చక్కగా కనిపిస్తుంది. 'లోకోమోషన్' రాసింది గెర్రీ గాఫిన్, క్యారోల్ కింగ్. 1962లో లిటిల్ ఈవా పాడింది. కైలీ 1987లో మెల్‌బోర్న్‌లో పాడిన రికార్డింగ్ ఒకటి, మళ్లీ 1988లో లండన్ నిర్మాతలు కొత్తగా చేసింది ఇంకొకటి. అమెరికాలో మూడో స్థానం దాకా వెళ్లింది ఆ రెండోది. అంటే పాట ఒకటే, మాస్టర్లు మూడు. ఎవరు పాడినా, ఎవరు అమ్మినా రచయితల వాటా మాత్రం గాఫిన్, కింగ్‌ల వైపే పోతుంది.

పదహారు నెలల ఆలస్యం చేసిన మేలు

"సీరియల్ వల్లే ఆమె హిట్టయింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజమే, కానీ ఎలా అన్నది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

నైబర్స్‌ని బ్రిటన్‌లో బీబీసీ 1986 అక్టోబర్‌లో మొదటి ఎపిసోడ్ నుంచి వేయడం మొదలుపెట్టింది. అంటే బ్రిటన్ ప్రేక్షకులు ఆస్ట్రేలియా కన్నా ఏడాదిన్నర దాకా వెనక ఉన్నారు. మొదట వేసింది మధ్యాహ్నం పూట. 1988 జనవరిలో ఆ ఎపిసోడ్‌నే సాయంత్రం 5:35కి మళ్లీ వేయడం మొదలుపెట్టారు. బడి నుంచి వచ్చిన పిల్లలు టీ తాగుతూ చూసే వేళ అది. కైలీ మొదటి బ్రిటన్ రికార్డు 'ఐ షుడ్ బీ సో లక్కీ' సరిగ్గా ఆ రోజుల్లోనే దుకాణాల్లోకి వచ్చింది. ఫిబ్రవరికల్లా నంబర్ వన్. అయిదు వారాలు అక్కడే ఉంది.

ఇంకా చూడండి. 1988 మధ్యలోనే కైలీ సీరియల్ వదిలేసింది. బ్రిటన్ టీవీలో మాత్రం చార్లీన్‌కి ఇంకా పెళ్లి కూడా కాలేదు. నటి వెళ్లిపోయాక కూడా పాత్ర వారానికి అయిదుసార్లు ఇంటింటికీ వస్తోంది, డబ్బు ఇవ్వనక్కరలేని ప్రకటనలాగా. ఆస్ట్రేలియా పెళ్లి అయిన పదహారు నెలలకు, 1988 నవంబర్ 8న, బ్రిటన్‌లో ఆ పెళ్లి వచ్చింది. చూసినవాళ్లు కోటీ 96 లక్షల మంది. అప్పటి బ్రిటన్ జనాభాలో మూడోవంతు. ఆ నెల చివరికల్లా పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కలిసి పాడిన 'ఎస్పెషల్లీ ఫర్ యూ' దుకాణాల్లో ఉంది. జనవరిలో అదీ నంబర్ వన్.

ఇదంతా ఒక మహామేధావి వేసిన ప్లాన్ అని కొందరు రాస్తారు. నాకలా అనిపించదు. ప్రసారం ఆలస్యం బీబీసీది, టైము మార్పు బీబీసీది. పెళ్లి తర్వాత డ్యూయెట్ విడుదల చేయడం మాత్రం తెలివే. అదృష్టం తలుపు తట్టినప్పుడు రికార్డు సిద్ధంగా ఉంచుకోవడం వ్యాపారం.

నలభై నిమిషాల పాట

ఆ రికార్డు ఎలా పుట్టిందో పాప్ లోకంలో తెలియనివాళ్లు ఉండరు. 1987లో కైలీ లండన్‌కి వెళ్లింది. స్టాక్, ఐట్‌కెన్, వాటర్‌మన్ అనే ముగ్గురు నిర్మాతల దగ్గర పాట చేయించుకోవాలి. వాళ్ల స్టూడియోని అందరూ 'హిట్ ఫ్యాక్టరీ' అనేవాళ్లు. ఆమె రోజుల తరబడి ఎదురుచూసింది. వాళ్లకేమో ఆమె వస్తున్నట్టే గుర్తు లేదు. షూటింగ్ కోసం తిరుగు విమానం ఎక్కాల్సిన రోజున ఆమెను బయట కూర్చోబెట్టి, లోపల దాదాపు నలభై నిమిషాల్లో పాట అల్లేశారు. ఆమె లోపలికి వచ్చి లైన్ తర్వాత లైన్ విని, పాడి, విమానానికి వెళ్లిపోయింది. పాట పెద్ద హిట్టయ్యాక మైక్ స్టాక్ ఆస్ట్రేలియా వెళ్లి ఆమెను బతిమాలుకుని క్షమాపణ చెప్పుకున్నాడు.

సరదాగా చెప్పుకునే ఈ కథలో డబ్బు లెక్క మాత్రం సరదాగా ఉండదు. ఒక ఉదాహరణ వేద్దాం. ఈ అంకెలు కైలీ ఒప్పందంలోవి కావు, లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

ఒక రికార్డు అమ్మితే లేబుల్‌కి 100 రూపాయలు వస్తాయనుకోండి. లక్ష అమ్మితే కోటి. గాయని రాయల్టీ నూటికి 10 అయితే ఆమె పేరున 10 లక్షలు పడతాయి. కానీ అది వెంటనే చేతికి రాదు. ఒప్పందంలో ఉన్న ప్రకారం స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో వాటా, ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, అన్నీ ఆమె వాటాలోంచే మినహాయిస్తారు. ఆ మొత్తం 7 లక్షలు అనుకుంటే మిగిలేది 3 లక్షలు. మేనేజర్ కమిషన్ నూటికి 20 తీస్తే 2 లక్షల 40 వేలు. ఇప్పుడు రచయితల వైపు చూడండి. రికార్డుకి 8 రూపాయల చొప్పున 8 లక్షలు. వాళ్ల వాటాలోంచి వీడియో ఖర్చు ఎవరూ కోయరు. ముగ్గురు పంచుకుంటే తలా 2 లక్షల 66 వేల పైచిలుకు.

అంటే రికార్డు అట్ట మీద బొమ్మ ఉన్న అమ్మాయి కన్నా, లోపల కూర్చుని పాట అల్లిన ఒక్కొక్కరికీ ఎక్కువ. పైగా ఆ ముగ్గురే రచయితలు, ఆ ముగ్గురే నిర్మాతలు. రికార్డు విడుదల చేసిన పీడబ్ల్యూఎల్ అయితే వాటర్‌మన్ సొంత లేబుల్. ఒకే పాట మీద మూడు దారుల్లో డబ్బు ఒకే గుమ్మానికి చేరుతుంది. దీన్ని దోపిడీ అనొచ్చా? పెట్టుబడి వాళ్లది, హిట్టు కొట్టకపోతే నష్టమూ వాళ్లదే కదా అనే జవాబు ఉంది. హిట్టయ్యాక కూడా వాటా మారకపోతే ఆ జవాబు బలం తగ్గుతుంది.

పాడే చిలుక అన్నారు

బ్రిటన్ పత్రికలు ఆమెకు పెట్టిన ముద్దుపేరు 'సింగింగ్ బడ్జీ'. బడ్జీ అంటే ఆస్ట్రేలియాలో ఉండే చిట్టి చిలుక. ముద్దుపేరు అన్నాను గానీ అది వెక్కిరింత. మన 'చిలకపలుకులు' అన్న మాటకు దగ్గరగా ఉంటుంది. ఎవరో నేర్పింది అప్పజెప్పే పిట్ట అని.

ఆ విమర్శకుల వాదనలో పస లేకపోలేదు. మొదటి రెండు ఆల్బమ్‌లలో దాదాపు అన్నీ వాళ్ల పాటలే, వాళ్ల బాణీలే, వాళ్లు వాయించిన యంత్రాలే. గొంతు మార్చి వేరే అమ్మాయిని నిలబెట్టినా పాట అలాగే ఉంటుందన్నారు. 1960ల తర్వాత ఇంగ్లీషు పాటల లోకంలో ఒక నమ్మకం పాతుకుపోయింది: పాట రాసుకున్నవాడే పాడాలి, అప్పుడే అది నిజాయితీ. ఆ కొలబద్ద మీద కైలీ నిలబడదు.

తెలుగువాళ్లకు ఈ కొలబద్ద కాస్త వింతగానే ఉండాలి. సుశీలగారు, జానకిగారు పాడిన పాటల్లో దాదాపు అన్నీ వేరేవాళ్లు రాసినవే, వేరేవాళ్లు బాణీ కట్టినవే. వాళ్లను కీలుబొమ్మలని ఎవరైనా అన్నారా? రాసినదాన్ని ప్రాణం పోసి పాడటం వేరే విద్య అని మనం ఒప్పుకున్నాం. ఆ లెక్కన "రాయలేదు కాబట్టి గాయని కాదు" అన్న మాట చెల్లదు. గొంతు గొప్పదా కాదా అన్నది వేరే ప్రశ్న. కైలీది పెద్ద గొంతు కాదు, ఆమె అభిమానులూ ఒప్పుకుంటారు. సన్నగా, ముక్కుసూటిగా, డ్యాన్స్ దరువు మీద తేలే గొంతు. ఆ పాటలకు అదే సరిపోయింది.

కాకపోతే మన వైపు కూడా అంతా సాఫీగా లేదు. గాయకులకు రాయల్టీ ఉండాలని లతా మంగేష్కర్ 1960లలోనే పట్టుబట్టారు. మహమ్మద్ రఫీతో కొంతకాలం మాటలు లేకుండా పోయింది ఆ గొడవలోనే. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక గాయకుల హక్కుకు గట్టి ఆధారం దొరికింది. గౌరవం ఇచ్చినంత తేలిగ్గా వాటా ఇవ్వలేదన్నమాట.

మూడో వాదన ఒకటుంది. ఇది నాకు అన్నిటికన్నా బలంగా తోస్తుంది. సీరియల్ పేరుతో వచ్చినవాళ్లు రేడియోలో, టీవీలో చోటు ముందే ఆక్రమిస్తారు, ఏళ్ల తరబడి చిన్న క్లబ్బుల్లో పాడుతున్నవాళ్లు బయటే ఉండిపోతారు. ఇది కాదనలేం. అయితే సీరియల్ పేరు ఎంతకాలం కాపు కాస్తుంది? దానికి ఒక ప్రయోగంలాంటిది ఆ సీరియల్‌లోనే జరిగింది.

ఒకే సందు, వేరు వేరు దారులు

జేసన్ డొనోవన్‌ది అదే సీరియల్, అదే జంట, అదే నిర్మాతలు. 1989లో బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అతనిదే. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి పాప్‌లో వెలుగు తగ్గింది. 1991 నుంచి లండన్ రంగస్థలం మీద మ్యూజికల్స్‌లో స్థిరపడ్డాడు. అదే సీరియల్‌లో వేసిన క్రెయిగ్ మెక్‌లాక్లన్‌కి 1990లో ఒక పెద్ద హిట్. స్టెఫాన్ డెన్నిస్‌కి 1989లో ఒక చిన్న హిట్. అక్కడితో సరి.

1990లలో వేసిన నటాలీ ఇంబ్రూలియా సీరియల్ వదిలాక మూడేళ్లు ఆగింది. 1997లో గిటార్ పాటతో వచ్చింది. అదీ మరో బ్యాండ్ పాటే, కానీ చార్లీన్ తరహా మెరుపులేవీ లేవు. హాలీ వాలన్స్ 2002లో ఒక టర్కీ పాటను ఇంగ్లీషులో పాడి బ్రిటన్‌లో నంబర్ వన్ కొట్టింది. డెల్టా గుడ్రమ్‌ది తిరగేసిన కథ. ఆమెకు ముందు రికార్డు ఒప్పందం, తర్వాత సీరియల్ వేషం. తెర మీద పాత్ర కూడా పాటలు రాసే పిల్లే. పాత్ర పాడినా, నటి పాడినా అదే పాట. 2003లో వచ్చిన ఆమె ఆల్బమ్ ఆస్ట్రేలియాలో 29 వారాలు నంబర్ వన్‌గా ఉంది.

వీళ్లందర్నీ పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తోంది. సీరియల్ పేరు మొదటి రికార్డును దాదాపు ఖాయంగా అమ్మిపెడుతుంది. రెండో ఏటి నుంచి దాని పలుకుబడి తగ్గుతుంది. అయిదో ఏటికి అది మోసేవాళ్లకు బరువు.

ముద్ర చెరుపుకోవడానికి తొమ్మిదేళ్లు

కైలీకీ ఆ బరువు తగిలింది. బ్రిటన్‌లో వరసగా మొదటి 13 సింగిల్స్, అంటే ఒక్కో పాటగా అమ్మే రికార్డులు, టాప్ టెన్‌లో చేరాయి. 1991లో వచ్చిన తర్వాతిది 16 దగ్గర ఆగిపోయింది. అప్పటికే ఆమె ఓవరాల్స్ పిల్లలా కనిపించడం మానేసింది, కొన్ని పాటల రచనలో చెయ్యి వేసింది. నాలుగు ఆల్బమ్‌ల తర్వాత ఫ్యాక్టరీ వదిలి డీకన్‌స్ట్రక్షన్ అనే చిన్న డ్యాన్స్ లేబుల్‌కి వెళ్లింది. 1994లో వచ్చిన 'కన్‌ఫైడ్ ఇన్ మీ' వింటే ఆ పాత అమ్మాయేనా అనిపిస్తుంది. నిక్ కేవ్ అనే ఆస్ట్రేలియా గాయకుడు, చావు పాటలకు పేరు పడ్డవాడు, 1995లో ఆమెతో డ్యూయెట్ పాడాడు. అందులో ఆమె హత్యకు గురైన అమ్మాయి.

అతనే ఆమెను ఒక విచిత్రమైన పనికి పురిగొల్పాడు. 1996లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో కవుల సభ. కైలీ వెళ్లి వేదిక మీద నిలబడి, మ్యూజిక్ లేదు, దరువు లేదు, 'ఐ షుడ్ బీ సో లక్కీ' మాటల్ని కవిత చదివినట్టు చదివింది. నలభై నిమిషాల్లో అల్లిన, అందరూ వెక్కిరించిన ఆ మాటల్నే. వెక్కిరింతను తనే ముందు అందుకుంటే ఇక ఎదుటివాడి చేతిలో మిగిలేదేముంటుంది?

1997కి సిద్ధమైన ఆల్బమ్‌లో దాదాపు అన్ని పాటలూ ఆమె చెయ్యి వేసినవే. 'ఇంపాసిబుల్ ప్రిన్సెస్' అని పేరు పెట్టారు. ఆగస్టు 31న ప్రిన్సెస్ డయానా చనిపోయింది. బ్రిటన్‌లో ఆ పేరుతో విడుదల చేయలేక 1998లో ఉత్త 'కైలీ మినోగ్' అని తెచ్చారు. అక్కడ పెద్దగా అమ్ముడుపోలేదు. తానే రాసుకోవాలని అడిగినవాళ్లు, రాసుకున్నాక కొనలేదు. విమర్శకుల కొలబద్ద, కొనేవాళ్ల కొలబద్ద ఒకటి కాదని దీన్ని బట్టే తెలుస్తుంది.

తర్వాత ఆమె చేసిన పని నాకు నచ్చింది. 1999లో పార్లోఫోన్ లేబుల్‌కి మారి, మళ్లీ డ్యాన్స్ పాటల్లోకి వచ్చింది. ఈసారి పాట ఎంచుకునేది తనే. 2000లో 'స్పిన్నింగ్ అరౌండ్' నంబర్ వన్. ఆ వీడియోలో వేసుకున్న బంగారు రంగు నిక్కరు సంతలో 50 పెన్నీలకు కొన్నదట. ఇప్పుడది మెల్‌బోర్న్‌లో కళాసంస్థ భద్రపరిచిన వస్తువు. 2001లో 'కాంట్ గెట్ యూ ఔట్ ఆఫ్ మై హెడ్'. రాసింది క్యాథీ డెన్నిస్, రాబ్ డేవిస్. అంతకుముందు వేరేవాళ్లు వద్దన్న పాట. కైలీ దాని డెమో, అంటే నమూనా రికార్డింగ్, ఇరవై సెకన్లు విని నాకు కావాలంది. 40 దేశాల్లో నంబర్ వన్ అయింది. పబ్లిషింగ్ డబ్బు డెన్నిస్, డేవిస్‌లకే పోతుంది. కానీ వందల పాటల్లోంచి ఇది పట్టుకోవడం కూడా ఒక విద్యే, రికార్డు మీద వేసే పేర్ల పట్టికలో దానికి కాలమ్ లేదు.

పేరు కూడా ఆస్తే

ముఖం, గొంతు, పాట, రికార్డింగ్ అని నాలుగు చెప్పాను గానీ అయిదోది ఉంది. 2015లో కైలీ జెన్నర్ అనే అమెరికా రియాలిటీ టీవీ స్టార్ అక్కడ 'కైలీ' అన్న ఒక్క మాట మీద ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు పెట్టుకుంది. మినోగ్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. ఎన్నో ఏళ్లుగా ఆ పేరు మీద రికార్డులు, కచేరీలు, వస్తువులు అమ్ముతున్నామని వాదన. ఆ పేరు జెన్నర్ చేతికి పోలేదు. రాసిన పాటలు, మాస్టర్లు లేకపోయినా పేరు మాత్రం పాడిన మనిషిదే.

ఆ పేరు ఎంత దూరం వెళ్తుందో 2005లో చూశాం. ఆ మే నెలలో తనకు రొమ్ము క్యాన్సర్ అని ఆమె ప్రకటించింది. రెండు వారాల్లో ఆస్ట్రేలియాలో మామోగ్రామ్ బుకింగులు 40 శాతం పెరిగాయి. దీనికి 'కైలీ ఎఫెక్ట్' అని పేరు పడింది. ఒక పాప్ స్టార్‌కి జబ్బు చేస్తే జనం జాలిపడతారు. తమ ఇంట్లో రోజూ కనిపించిన పక్కింటి పిల్లకు జబ్బు చేస్తే తామే ఆస్పత్రికి వెళ్తారు.

డిస్నీ దారి వేరు

ఇప్పటి అమెరికన్ పేర్లు వింటే ఇదంతా మళ్లీ అదే కథ అనిపిస్తుంది, కానీ తేడా ఉంది. డిస్నీ దగ్గర ఛానల్ తనదే, హాలీవుడ్ రికార్డ్స్ అనే లేబుల్ కూడా తనదే. 2006లో 'హన్నా మాంటానా' మొదలైనప్పుడు మైలీ సైరస్ వేసింది పాప్ స్టార్ వేషమే. సీరియల్ ప్రసారం, పాట అమ్మకం ఒకే ఇంటి వ్యాపారం. బీబీసీ టైము మార్పులాంటి అదృష్టం మీద ఎవరూ ఆధారపడలేదు.

సబ్రీనా కార్పెంటర్‌ని 2024లో చాలామంది రాత్రికి రాత్రి వచ్చిన స్టార్ అనుకున్నారు. ఆమె 2014లో డిస్నీ సీరియల్‌లో వేసింది. హాలీవుడ్ రికార్డ్స్‌లో నాలుగు ఆల్బమ్‌లు చేసి, తర్వాత ఐలాండ్ అనే లేబుల్‌కి మారింది. 2024 ఆల్బమ్ ఆమెకు ఆరోది. మనిషిని మొదట నిలబెట్టిన సంస్థ దగ్గర కాక, దాన్నొదిలాక పెద్దవాళ్లవడం కైలీలోనూ ఉంది, ఈమెలోనూ ఉంది.

కైలీ 2020లో బ్రిటన్‌లో వరసగా అయిదు దశాబ్దాల్లో నంబర్ వన్ ఆల్బమ్ ఉన్న మొదటి మహిళ అయింది. 2022 జూలైలో నైబర్స్ ఆగిపోతున్నప్పుడు జేసన్‌తో కలిసి మళ్లీ రామ్సే స్ట్రీట్‌కి వచ్చింది. 2023లో వచ్చిన 'పదమ్ పదమ్'కే ఆ గ్రామీ. ఆ ఆల్బమ్ పేరు మనకు పరిచయమే: 'టెన్షన్'.

ఇక మనకు తెలిసిన పాట మీద ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. 2009లో 'బ్లూ' అనే హిందీ సినిమాలో 'చిగ్గీ విగ్గీ'. బాణీ ఏఆర్ రెహమాన్‌ది. ఇంగ్లీషు లైన్లలో వినపడే గొంతు కైలీది, తెర మీద ఆ ముఖమూ కైలీదే. పాట మధ్యలో హిందీలోకి, భాంగ్రా దరువులోకి తిరుగుతుంది. అక్కడ గొంతు సోనూ నిగమ్‌ది, గంతులు అక్షయ్ కుమార్‌వి.